లేని యంత్రం మీద నడిచే ప్రోగ్రామ్

కంప్యూటర్ ప్రోగ్రామ్ నడవాలంటే ఒక యంత్రం ఉండాలి. అది సిలికాన్‌తో చేసిన యంత్రమే కానక్కర్లేదు, ఆ యంత్రంలా ప్రవర్తించే ఇంకో ప్రోగ్రామ్ ఉన్నా సరిపోతుంది. ఏ యంత్రం పనితీరునైనా పూర్తిగా రాతలో పెట్టగలిగితే, ఆ రాతను చదివి అచ్చం అలాగే ప్రవర్తించే సార్వత్రిక యంత్రం ఒకటి సాధ్యమేనని బ్రిటిష్ గణితవేత్త అలాన్ ట్యూరింగ్ 1936లో చూపించాడు. ఈనాటి అర్థంలో కంప్యూటర్ అనదగ్గది అప్పటికి ఒక్కటీ లేదు. కాగితం మీది ఆ సత్యం మూడు దశాబ్దాలు తిరిగేసరికి ఇంజనీర్ల రోజువారీ పనిముట్టు అయింది. ఇంకా తయారుకాని చిప్‌కు ఆపరేటింగ్ సిస్టమ్ రాయడం, చేతిలో లేని ఫోన్‌కు యాప్ రాయడం, చంద్రుడి దాకా వెళ్లాల్సిన కంప్యూటర్‌లోని తప్పులను నేల మీదే పట్టుకోవడం దీనివల్లే వీలయ్యాయి.

ఒక యంత్రాన్ని దానితో పోలికే లేని మరో యంత్రం మీద అనుకరించేదాన్ని ఎమ్యులేటర్ అంటారు. ఉన్న ఒక్క యంత్రాన్నే పంచి, ప్రతి వాడకందారుకూ పూర్తి యంత్రం తనదే అన్నట్టు చూపించేది వర్చువల్ మెషీన్. సిమ్యులేటర్ ఈ రెండింటికన్నా విశాలమైన మాట: యంత్రాన్నే కాదు, దాని చుట్టూ ఉన్న లోకాన్ని కూడా లెక్కల్లో పెట్టి నడిపించేది. వాడుకలో ఈ హద్దులు చెరిగిపోతూనే ఉంటాయి. హద్దు ఎక్కడున్నా సరే, ఒక అనుకరణను నమ్ముకుని పనిచేసేవారు అడగాల్సిన ప్రశ్న మాత్రం మారదు. అసలు యంత్రంలోని దేన్ని ఇది ఉన్నదున్నట్టు చూపిస్తోంది? దేన్ని వదిలేస్తోంది?

మాన్యువల్ చూసి కట్టిన ప్రాసెసర్

సిమ్యులేటర్ లోపల ఏముంటుందో తెలుసుకోవడానికి ఇంటెల్ సంస్థ 1974లో విడుదల చేసిన 8080 ప్రాసెసర్ సరైన ఉదాహరణ. ఎనిమిది బిట్లు పట్టే రిజిస్టర్లు ఏడు, తరువాతి ఆజ్ఞ ఎక్కడుందో చెప్పే కౌంటర్ ఒకటి, స్టాక్ పాయింటర్ ఒకటి, లెక్క ఫలితం ఎలా వచ్చిందో గుర్తుపెట్టుకునే ఫ్లాగులు ఐదు, చేరుకోగల మెమరీ 65,536 బైట్లు. ప్రోగ్రామ్ రాసేవారికి కనిపించేంతవరకు ప్రాసెసర్ అంటే ఇంతే. వీటిలో ప్రతిదానికీ ఒక వేరియబుల్, మెమరీకి ఒక పెద్ద అరే పెట్టుకుంటే యంత్రం శరీరం తయారైనట్టే. ఇక ప్రాణం పోయాలంటే ఒక లూప్ చాలు: కౌంటర్ చూపించిన చోటి నుంచి బైటు తీయడం, అది ఏ ఆజ్ఞో గుర్తించడం, ఆ ఆజ్ఞ చేయాల్సిన మార్పులన్నీ చేయడం, మళ్లీ మొదటికి రావడం.

కష్టమంతా 'మార్పులన్నీ' అన్న మాటలో ఉంది. 'ఏ' అనే రిజిస్టర్‌లో 200, 'బీ' అనే రిజిస్టర్‌లో 100 ఉన్నాయనుకుందాం. బీని ఏకి కలపమని ఆజ్ఞ వచ్చింది. మొత్తం 300. ఎనిమిది బిట్లలో 255 దాటి పట్టదు కాబట్టి ఏలో మిగలాల్సింది 44, క్యారీ ఫ్లాగ్ 1 కావాలి. ఫలితం సున్నా కాదు కాబట్టి జీరో ఫ్లాగ్ 0. పై బిట్ 0 కాబట్టి సైన్ ఫ్లాగ్ 0. 44ను ద్విసంఖ్యామానంలో రాస్తే మూడు ఒకట్లు వస్తాయి, అది బేసి కాబట్టి పారిటీ ఫ్లాగ్ 0. కింది నాలుగు బిట్ల కూడికలో మిగులు రాలేదు కాబట్టి ఐదో ఫ్లాగ్ కూడా 0. ఒక్క కూడికకు ఇంత తతంగం. వీటిలో ఏ ఒక్కటి తప్పినా వెంటనే ఏమీ కనిపించదు. ఎన్నో వేల ఆజ్ఞల తరవాత, ఎక్కడో సంబంధం లేని చోట ప్రోగ్రామ్ దారి తప్పుతుంది.

ఈ ప్రాసెసర్‌తో చేసిన ఆల్టెయిర్ 8800 అనే చిన్న కంప్యూటర్ 1975 జనవరి నాటి పాపులర్ ఎలక్ట్రానిక్స్ పత్రిక ముఖచిత్రంగా వచ్చింది. అమెరికాలోని బోస్టన్ ప్రాంతంలో ఉన్న పాల్ అలెన్, బిల్ గేట్స్ దానికి బేసిక్ భాష రాసిస్తామని తయారీదారు అయిన ఎమ్ఐటీఎస్ సంస్థకు చెప్పారు. వాళ్ల దగ్గర ఆల్టెయిర్ లేదు, 8080 చిప్ కూడా లేదు. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలోని పీడీపీ-10 కంప్యూటర్ మీద అలెన్ ఇంటెల్ మాన్యువల్ చూసుకుంటూ 8080 సిమ్యులేటర్ రాశాడు. అంతకుముందు 8008 ప్రాసెసర్‌కు ఇలాంటి పనే చేసిన అనుభవం అతనికి ఉంది. పీడీపీ-10 ఒక్కో మాటకు 36 బిట్లు వాడే పెద్ద యంత్రం. ఎనిమిది బిట్ల చిన్న ప్రాసెసర్ దాని కడుపులో బతికింది. గేట్స్, అలెన్‌తో పాటు గణిత భాగాన్ని రాసిన మోంటీ డేవిడాఫ్ కూడా ఆ లేని యంత్రం మీదే 4 కిలోబైట్లలో పట్టే బేసిక్‌ను రాసి, పరీక్షించి, దిద్దారు.

అలెన్ దాన్ని పేపర్ టేప్ మీదికి ఎక్కించుకుని, ఎమ్ఐటీఎస్ ఉన్న న్యూ మెక్సికోలోని ఆల్బకర్కీకి విమానంలో వెళ్లాడు. టేపు మీదున్న ప్రోగ్రామ్‌ను మెమరీలోకి తెచ్చే చిన్న లోడర్ రాయడం మరిచిపోయారని దారిలో గుర్తొచ్చి, విమానంలోనే కాగితం మీద రాసుకున్నాడు. సిమ్యులేటర్ మీద పరీక్షించని ముక్క అదొక్కటే. మర్నాడు అసలైన ఆల్టెయిర్ మీద మొదటిసారి నడిపితే బేసిక్ పలికింది. రెండూ రెండూ కలపమంటే 4 అని టెలిటైప్ మీద అచ్చయింది.

ఈ కథను యువకుల ప్రతిభకు తార్కాణంగా చెబుతుంటారు. అది నిజమే కానీ ఇంజనీరింగ్ దృష్టితో చూస్తే ఇందులో అంతకన్నా విలువైన విషయం ఉంది. సిమ్యులేటర్‌ను చిప్ చూసి రాయలేదు, మాన్యువల్ చూసి రాశారు. బేసిక్‌నూ అదే మాన్యువల్ చూసి రాశారు. ఒక ఆజ్ఞను అలెన్ తప్పుగా అర్థం చేసుకుని ఉంటే సిమ్యులేటర్, బేసిక్ రెండూ ఆ తప్పులో ఒకదానితో ఒకటి చక్కగా ఏకీభవించి, పరీక్షలన్నీ నెగ్గి, చివరికి ఆల్బకర్కీలో కూలిపోయేవి. అనుకరణ మీద పరీక్ష నెగ్గిందంటే యంత్రం గురించి రాసిన దానితో ప్రోగ్రామ్ సరిపోయిందని అర్థం. రాసింది నిజమా అన్నది యంత్రమే చెప్పాలి.

నేసిన మెమరీ

అలెన్ ఆల్బకర్కీలో తప్పు తేలినా వెనక్కి వచ్చి దిద్దుకోగలిగేవాడు. అపోలో నౌకలకు సాఫ్ట్‌వేర్ రాసిన మసాచుసెట్స్‌లోని ఎమ్ఐటీ ఇన్‌స్ట్రుమెంటేషన్ లేబొరేటరీకి ఆ వెసులుబాటు లేదు. అపోలో గైడెన్స్ కంప్యూటర్‌లో మార్చగలిగే మెమరీ 2,048 మాటలు, మార్చలేనిది 36,864 మాటలు. ఆ రెండోదాన్ని కోర్ రోప్ అనేవారు. తీగ అయస్కాంతపు వలయంలోంచి దూరితే 1, పక్కనుంచి పోతే 0. రేథియాన్ కర్మాగారంలో మహిళా కార్మికులు ఒక్కో తీగనూ చేత్తో దూర్చి ప్రోగ్రామ్‌ను నేసేవారు. నేత పూర్తయ్యాక ఒక తప్పు కనిపిస్తే ఆ మాడ్యూల్‌ను మళ్లీ మొదటినుంచి నేయాలి, అందుకు వారాలు పట్టేది.

అందుకే నేతకు పంపేముందే ప్రతి ప్రోగ్రామ్‌నూ హనీవెల్ 1800, తరవాత ఐబీఎమ్ 360 కంప్యూటర్ల మీద డిజిటల్ సిమ్యులేషన్‌లో నడిపేవారు. అక్కడ అనుకరించింది గైడెన్స్ కంప్యూటర్ ఒక్కదాన్నే కాదు. ఇంజన్ మండితే నౌక ఎంత వేగం పుంజుకుంటుంది, దిశను కొలిచే పరికరం ఏ అంకె చూపిస్తుంది, చంద్రుడి ఆకర్షణ దాన్ని ఎటు లాగుతుంది అన్నవన్నీ లెక్కగట్టి, ఆ ఫలితాలను గైడెన్స్ ప్రోగ్రామ్‌కు అందించేవారు. ప్రోగ్రామ్ ఇచ్చిన ఆదేశం మళ్లీ నౌక కదలికను మార్చేది.

యంత్రాన్నీ పరిసరాన్నీ కలిపి నడిపే ఈ పద్ధతి ఇవాళ మోటారు వాహనాల్లో, విమానాల్లో, ఉపగ్రహాల్లో మామూలు సంగతి. కారు బ్రేకులను నియంత్రించే అసలైన కంట్రోలర్ పెట్టెను బల్ల మీద పెట్టి, దాని తీగలను ఒక కంప్యూటర్‌కు కలుపుతారు. చక్రాలు జారుతున్నట్టు, రోడ్డు తడిసినట్టు ఆ కంప్యూటర్ సంకేతాలు పంపుతుంది. తాను బల్ల మీద ఉన్నానన్న సంగతి కంట్రోలర్‌కు తెలియదు.

ఉన్న యంత్రాన్నే పంచడం

అమెరికాలోని కేంబ్రిడ్జ్ నగరంలో ఐబీఎమ్‌కు ఒక సైంటిఫిక్ సెంటర్ ఉండేది. రాబర్ట్ క్రీసీ నాయకత్వంలో అక్కడి బృందం 1960ల మధ్యలో సీపీ-40 అనే వ్యవస్థను తయారుచేసింది. ఒక పెద్ద కంప్యూటర్ ముందు కూర్చున్న ప్రతి ఒక్కరికీ పూర్తిస్థాయి సిస్టమ్/360 యంత్రం తనకే ఉన్నట్టు అది చూపించేది. దాని వారసులు సీపీ-67, ఆపైన 1972లో ప్రకటించిన వీఎమ్/370. సాఫ్ట్‌వేర్ తయారీలో దీని విలువ త్వరగానే తెలిసొచ్చింది. ఆపరేటింగ్ సిస్టమ్ రాసేవారికి పరీక్ష కోసం మొత్తం కంప్యూటర్ కావాలి, అది కోట్లు ఖరీదు చేసే యంత్రం, పరీక్షలో కుప్పకూలితే మిగతా అందరి పనీ ఆగిపోతుంది. వర్చువల్ మెషీన్‌లో కూలితే కూలేది ఆ ఒక్కటే. సీపీ-67ను సవరించి, వర్చువల్ మెమరీ ఉన్న సిస్టమ్/370 యంత్రం చేతికి రాకముందే దాని కొత్త ఆజ్ఞలను కూడా అందులో అనుకరించారు. కొత్త యంత్రం కోసం కొత్త వ్యవస్థను పాత యంత్రం మీదే రాశారన్నమాట.

వర్చువల్ మెషీన్ ఎమ్యులేటర్ కన్నా ఎంతో వేగంగా నడుస్తుంది. లోపలి ప్రోగ్రామ్ ఆజ్ఞలను ఒక్కొక్కటిగా అనుకరించకుండా నేరుగా ప్రాసెసర్ మీదే వదిలేయడం దీనికి కారణం. కూడికలు, తీసివేతలు అన్నీ అసలు వేగంతోనే జరిగిపోతాయి. పరికరాలు ప్రాసెసర్‌ను మధ్యలో పిలిచే ఇన్‌టరప్టులు ఆపడం, మెమరీ పట్టికలు మార్చడం, డిస్క్‌ను తాకడం వంటి అధికారపు ఆజ్ఞ వచ్చినప్పుడు మాత్రం ప్రాసెసర్ దాన్ని అమలు చేయకుండా ఆగి, పైనున్న పర్యవేక్షక ప్రోగ్రామ్‌ను పిలుస్తుంది. దీన్నే హైపర్వైజర్ అంటారు. అది ఆ ఆజ్ఞ ఫలితాన్ని వర్చువల్ మెషీన్ వరకే కనిపించేలా అనుకరించి, మళ్లీ పని అప్పగిస్తుంది. ఇలా జరగాలంటే ప్రాసెసర్‌లో ఎలాంటి గుణం ఉండాలో జెరాల్డ్ పోపెక్, రాబర్ట్ గోల్డ్‌బర్గ్ 1974లో నిర్దుష్టంగా రాశారు. యంత్రం స్థితిని మార్చేది గానీ, బయటపెట్టేది గానీ అయిన ప్రతి ఆజ్ఞా అధికారం లేనివాడు వాడితే తప్పనిసరిగా ఆగి పర్యవేక్షకుణ్ని పిలవాలి.

లోకమంతా వాడుతున్న ఇంటెల్ ఎక్స్86 ప్రాసెసర్లు ఈ నియమాన్ని పాటించలేదు. పెంటియమ్‌లో నియమం తప్పిన ఆజ్ఞలు 17 ఉన్నాయని 2000లో ఒక విశ్లేషణ లెక్కతేల్చింది. వాటిలో ఫ్లాగులను స్టాక్ నుంచి వెనక్కి తెచ్చే పాప్‌ఎఫ్ అందరికీ తెలిసింది. వర్చువల్ మెషీన్‌లోని ఆపరేటింగ్ సిస్టమ్ ఇన్‌టరప్టులు ఆపుదామని దాన్ని వాడుతుంది. అధికారం లేదు కాబట్టి ప్రాసెసర్ ఆ ఒక్క బిట్‌ను మార్చదు, అలాగని ఎవరినీ పిలవదు, ఏమీ జరగనట్టు ముందుకు పోతుంది. ఇన్‌టరప్టులు ఆగాయని లోపలి సిస్టమ్ నమ్ముతుంది, అవి ఆగలేదు. హైపర్వైజర్‌కు కబురే అందదు.

ఈ చిక్కును విడదీసింది స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధనలోంచి పుట్టి, 1998లో ఏర్పడిన వీఎమ్‌వేర్ సంస్థ. మెండెల్ రోజెన్‌బ్లమ్, డయాన్ గ్రీన్, ఎడ్వార్డ్ బున్యాన్ తదితరులు దాని వ్యవస్థాపకులు. వాళ్ల తొలి ఉత్పత్తి 1999లో వచ్చింది. మామూలు ప్రోగ్రామ్‌లను ప్రాసెసర్ మీద నేరుగా వదిలి, లోపలి ఆపరేటింగ్ సిస్టమ్ కోడ్‌ను మాత్రం నడిచే ముందే చదివి, ఆ మొండి ఆజ్ఞల స్థానంలో సురక్షితమైన ఆజ్ఞలు పెట్టి తిరగరాయడం వాళ్ల కిటుకు. ప్రాసెసర్ తయారీదారులు తరవాత తమ లోపాన్ని తామే సరిదిద్దుకున్నారు. ఇంటెల్ 2005లో, ఏఎమ్‌డీ 2006లో వర్చువల్ మెషీన్లకు నేరుగా సాయపడే ఆజ్ఞలను చిప్‌లోనే పెట్టాయి. ఆ సాయాన్ని వాడుకునే కేవీఎమ్ 2007లో లైనక్స్ కెర్నల్‌లో భాగమైంది. అప్పటినుంచి మామూలు ల్యాప్‌టాప్ మీద కూడా వర్చువల్ మెషీన్ ఇంచుమించు అసలు యంత్రం వేగంతోనే నడుస్తోంది.

దుబాసీ పని

ప్రాసెసర్ రకమే వేరైతే ఈ పంపకం కుదరదు. ఆర్మ్ ప్రాసెసర్‌తో నడిచే ఫోన్ కోడ్‌ను ఇంటెల్ ప్రాసెసర్‌కు ఇస్తే దానికి ఒక్క ముక్కా అర్థం కాదు. అక్కడ అనువాదం కావాలి. ప్రతి ఆజ్ఞనూ ఎదురైనప్పుడల్లా మళ్లీ అర్థం చెప్పుకుంటూ పోయే సిమ్యులేటర్ సభలో వాక్యం వాక్యం చెప్పే దుబాసీ లాంటిది. అదే ఉపన్యాసం వెయ్యిసార్లు జరిగితే వెయ్యిసార్లూ అంతే శ్రమ పడుతుంది. ఒకసారి అనువదించి కాగితం మీద పెట్టుకుంటే రెండోసారి నుంచి చదివేయడమే. ఫ్రాన్స్‌కు చెందిన ఫాబ్రిస్ బెలార్ 2003లో విడుదల చేసిన క్యూఎమూ చేసేది ఇదే. అతిథి ప్రాసెసర్ ఆజ్ఞలను చిన్న చిన్న గుంపులుగా తీసుకుని, ఆతిథేయ ప్రాసెసర్ భాషలోకి తర్జుమా చేసి, ఆ తర్జుమాను దాచుకుని మళ్లీ మళ్లీ వాడుకుంటుంది. లూపుల్లోనే ఎక్కువ కాలం గడిపే ప్రోగ్రామ్‌లకు దీనివల్ల కలిసొచ్చేది ఇంతా అంతా కాదు. క్యూఎమూ ఉచితం, దాని సోర్స్ కోడ్ అందరికీ అందుబాటులో ఉంది. ఇవాళ సిస్టమ్స్ సాఫ్ట్‌వేర్ రాసేవారిలో దాన్ని ముట్టుకోనివారు అరుదు.

సొంతంగా ఆపరేటింగ్ సిస్టమ్ మొదలుపెట్టే విద్యార్థి దాన్ని ఎలా వాడతాడో చూస్తే దాని విలువ అర్థమవుతుంది. పాత పద్ధతి పీసీ డిస్క్ మొదటి 512 బైట్లను మెమరీలో సరిగ్గా 31వ కిలోబైటు దగ్గరికి తెచ్చి, అక్కడినుంచి నడక మొదలుపెడుతుంది. ఆ 512లో చివరి రెండు బైట్లు 85, 170 అయితేనే అది బూట్ సెక్టర్ అని ఒప్పుకుంటుంది. అసలు కంప్యూటర్ మీద ఇందులో పొరపాటు జరిగితే నల్లటి తెర తప్ప ఏమీ కనిపించదు. క్యూఎమూలో అయితే మొదటి ఆజ్ఞకు ముందే ప్రాసెసర్‌ను ఆపి ఉంచవచ్చు. 1234 నంబరు పోర్టు ద్వారా జీడీబీ డీబగ్గర్‌ను తగిలించి, ఒక్కో ఆజ్ఞా వదులుతూ రిజిస్టర్లు ఎలా మారుతున్నాయో చూడవచ్చు. యంత్రం మొత్తం స్థితిని స్నాప్‌షాట్‌గా దాచి, కూలిన తరవాత కూలకముందు క్షణానికి తిరిగి వెళ్లవచ్చు.

స్వీడన్‌లో పుట్టిన సిమిక్స్ వంటి సిమ్యులేటర్లు ఇంకో అడుగు ముందుకేసి ప్రోగ్రామ్‌ను వెనక్కి నడిపిస్తాయి. మెమరీలో ఒక అంకె చెడిపోయిందని తెలిసిన చోటి నుంచి వెనక్కి నడుస్తూ దాన్ని చెడగొట్టిన ఆజ్ఞను పట్టుకోవచ్చు. అసలు యంత్రం దగ్గర లేని శక్తి ఇది. అనుకరణను అసలుకు నాసిరకపు ప్రత్యామ్నాయంగా చూడడం ఎంత పొరపాటో చెప్పడానికి ఇదొక్కటి చాలు.

ఎన్నడూ చూడని యంత్రాల మీద ప్రోగ్రామ్‌ను పరీక్షించడానికి కూడా ఇదే దారి. 258 అనే సంఖ్యను రెండు బైట్లలో దాచమంటే ఇంటెల్ ప్రాసెసర్ ముందు 2, తరవాత 1 రాస్తుంది. ఐబీఎమ్ మెయిన్‌ఫ్రేమ్ ముందు 1, తరవాత 2 రాస్తుంది. ఈ వరసను పట్టించుకోకుండా ఫైలులో బైట్లు రాసే ప్రోగ్రామ్ ఒకచోట 258 అని దాచి, ఇంకోచోట 513 అని చదువుతుంది. మెయిన్‌ఫ్రేమ్ కొనలేని డెవలపర్ ఆ తప్పును తన ల్యాప్‌టాప్‌లోని క్యూఎమూలోనే పట్టుకోగలడు.

చిప్ పుట్టకముందు

చిప్‌ల డిజైన్‌లో అనుకరణ లేకపోతే పని అసలు జరగదు. వెరిలాగ్ వంటి భాషల్లో ఇంజనీర్లు సర్క్యూట్‌ను రాతలో వర్ణిస్తారు. ఆ వర్ణనను గడియారపు ప్రతి టిక్కుకూ సిమ్యులేటర్ నడిపిస్తుంది. హైదరాబాద్‌లోని క్వాల్కామ్, ఏఎమ్‌డీ వంటి సంస్థల కార్యాలయాల్లో వెరిఫికేషన్ ఇంజనీర్లుగా పనిచేస్తున్న తెలుగువాళ్లకు ఇది దైనందిన వృత్తి.

ఇక్కడ కొరుకుడుపడనిది కాలం. ఒక గిగాహెర్ట్‌జ్ చిప్ మీద ఆపరేటింగ్ సిస్టమ్ లేవడానికి 10 సెకన్లు పడుతుందనుకుంటే, అది 1,000 కోట్ల టిక్కులు. పెద్ద చిప్ వర్ణనను సాఫ్ట్‌వేర్ సిమ్యులేటర్ సెకనుకు వెయ్యి టిక్కుల చొప్పున నడిపిస్తే అదే పనికి కోటి సెకన్లు, అంటే 115 రోజులు దాటుతుంది. అందుకే సర్క్యూట్‌ను వేలాది ప్రత్యేక ప్రాసెసర్ల మీద పరిచే భారీ హార్డ్‌వేర్ ఎమ్యులేటర్లు వచ్చాయి. సెకనుకు పది లక్షల టిక్కులు నడిపితే 115 రోజులు మూడు గంటలలోపుకు దిగుతాయి. అప్పుడు చిప్ ఫ్యాక్టరీ నుంచి రాకముందే దాని మీద లైనక్స్‌ను లేపి, డ్రైవర్లను సరిచూడవచ్చు.

సాఫ్ట్‌వేర్ ఒక్కటే ముందుగా సిద్ధం కావాలంటే సర్క్యూట్ వివరాలతో పనిలేదు, ఆజ్ఞల అర్థం సరిగ్గా ఉంటే చాలు. ఏఎమ్‌డీ తన 64 బిట్ల ఎక్స్86 ఆజ్ఞల వివరాలను 2000లో ప్రచురించింది. ఆ ప్రాసెసర్ ఆప్టెరాన్ పేరుతో అమ్మకానికి వచ్చింది 2003 ఏప్రిల్‌లో. లైనక్స్ మాత్రం 2001లోనే సిమ్యులేటర్ల మీద ఆ కొత్త ప్రాసెసర్ కోసం నడిచింది. ప్రాసెసర్ దుకాణానికి వచ్చేనాటికి ఆపరేటింగ్ సిస్టమ్ ఎదురుచూస్తూ ఉంది.

ఎంత అనుకరించినా అన్నీ పరీక్షించలేరు. ఇంటెల్ పెంటియమ్‌లో 1994లో బయటపడిన భాగాహారపు తప్పు ఇందుకు నిదర్శనం. 4,195,835ని 3,145,727తో భాగిస్తే 1.33382 రావాలి, ఆ చిప్ 1.33374 అని చెప్పేది. భాగాహారానికి వాడే పట్టికలో ఐదు గడులు ఖాళీగా ఉండిపోవడం దీనికి కారణం. ఆ గడులను తాకే అంకెల జతలు ఎంత అరుదంటే చిప్ విడుదలకు ముందు జరిగిన పరీక్షల్లో ఏ ఒక్కటీ వాటిని తాకలేదు. చిప్‌లు మార్చివ్వడానికి ఇంటెల్ 47.5 కోట్ల డాలర్లు పక్కన పెట్టాల్సి వచ్చింది. ఆ దెబ్బతో, ఉదాహరణలు నడిపి చూడడంతో సరిపెట్టకుండా సర్క్యూట్ సరైనదేనని గణితంగా రుజువు చేసే పద్ధతులకు పరిశ్రమలో విలువ పెరిగింది.

ఫోన్ లేకుండా ఫోన్ యాప్

గూగుల్ ఆండ్రాయిడ్ డెవలపర్ కిట్‌ను 2007 నవంబరులో విడుదల చేసింది. తొలి ఆండ్రాయిడ్ ఫోన్ అమెరికాలో అమ్మకానికి వచ్చింది 2008 అక్టోబరులో. ఇంచుమించు ఏడాది పాటు డెవలపర్లకు ఆండ్రాయిడ్ అంటే కంప్యూటర్ తెర మీది బొమ్మ ఫోనే. దాని లోపల క్యూఎమూ ఆర్మ్ ప్రాసెసర్‌ను అనుకరిస్తూ ఉండేది. చాలా నెమ్మది. తరవాత ఇంటెల్ ప్రాసెసర్‌కు కంపైల్ చేసిన ఆండ్రాయిడ్‌ను కేవీఎమ్ వంటి హార్డ్‌వేర్ సాయంతో నడపడం మొదలయ్యాక ఆ బాధ తీరింది.

ఈ బొమ్మ ఫోన్‌కు బయటి లోకాన్ని కూడా కల్పించి ఇవ్వవచ్చు. కన్సోల్‌లో ఒక ఆదేశం ఇస్తే కాల్ వస్తుంది, ఎస్ఎమ్ఎస్ వస్తుంది, బ్యాటరీ అయిపోవస్తుంది. జియో ఫిక్స్ అనే ఆదేశం పక్కన 78.4747, 17.3616 అని రాస్తే న్యూజెర్సీలోని టేబుల్ మీదున్న ఎమ్యులేటర్ తాను చార్మినార్ దగ్గర ఉన్నానని యాప్‌కు చెబుతుంది. ఇందులో రేఖాంశం ముందు, అక్షాంశం తరవాత రాయాలి. మ్యాపుల్లో రాసే వరసకు ఇది తలకిందులు కాబట్టి కొత్తవాళ్లు తరచూ తడబడే చోటు ఇదే.

పాత వెర్షన్లన్నీ పక్కపక్కన పెట్టుకుని చూడగలగడం ఇంకో లాభం. తెలుగు లిపికి ఆండ్రాయిడ్‌లో మద్దతు 2012లో వచ్చిన 4.1 వెర్షన్‌తో మొదలైంది. ఆ రోజుల్లో తెలుగు యాప్ రాసేవారు పాత వెర్షన్ ఎమ్యులేటర్‌లోనూ కొత్తదానిలోనూ ఒకే పేజీ తెరిచి, ఒకచోట ఖాళీ డబ్బాలుగా పడ్డ అక్షరాలు ఇంకోచోట ఒత్తులతో సహా సరిగ్గా కూర్చున్నాయో లేదో పోల్చుకోగలిగేవారు. ఒక్కో వెర్షన్‌కు ఒక్కో ఫోన్ కొనే స్తోమత చిన్న డెవలపర్లకు ఎక్కడిది?

ఆపిల్ సంస్థ ఐఫోన్ డెవలపర్లకు ఇచ్చేది మాత్రం ఎమ్యులేటర్ కాదు, సిమ్యులేటర్. అది ఐఫోన్ ప్రాసెసర్‌ను అనుకరించదు. యాప్‌ను మ్యాక్ కోసమే కంపైల్ చేసి, మ్యాక్ మీదే నడుపుతుంది. వేగం బాగుంటుంది కానీ వదిలేసినవి ఎక్కువ. ఉదాహరణకు మ్యాక్ ఫైల్ సిస్టమ్ మామూలుగా ఇంగ్లిష్ పెద్దబడి, చిన్నబడి అక్షరాలకు తేడా చూడదు, ఐఫోన్ చూస్తుంది. ఒక బొమ్మ ఫైలు పేరు పెద్ద అక్షరంతో మొదలై, కోడ్‌లో చిన్న అక్షరంతో ఉంటే సిమ్యులేటర్‌లో బొమ్మ కనిపిస్తుంది, ఫోన్‌లో మాయమవుతుంది.

అనుకరణ వదిలేసేవి

ఇలాంటి తేడాల్లో అన్నిటికన్నా ప్రమాదకరమైనవి కాలానికి సంబంధించినవి. క్యూఎమూ ఆజ్ఞల ఫలితాన్ని సరిగ్గా చెబుతుంది, ఆ ఆజ్ఞకు అసలు యంత్రంలో ఎంతసేపు పడుతుందో చెప్పదు. క్యాష్ మెమరీ, పైప్‌లైన్ వంటివి దాని లెక్కలో లేవు. వాటిని కూడా లెక్కించే జెమ్5 వంటి సిమ్యులేటర్లు ఉన్నాయి, కానీ అవి ఎన్నో రెట్లు నెమ్మది. ఎమ్యులేటర్‌లో ఒక ప్రోగ్రామ్ వేగంగా కనిపించిందని ఫోన్‌లోనూ అలాగే ఉంటుందని చెప్పడానికి ఏ ఆధారమూ లేదు.

రెండు ప్రాసెసర్లు ఒకే మెమరీని పంచుకున్నప్పుడు ఇంకా సూక్ష్మమైన చిక్కు వస్తుంది. ఒక ప్రాసెసర్ ముందు సమాచారం రాసి, తరవాత 'సిద్ధం' అని గుర్తు పెడుతుంది. రెండోది ఆ గుర్తు చూసి సమాచారం చదువుతుంది. ఇంటెల్ ప్రాసెసర్లలో ఈ రెండు రాతలూ బయటికి అదే వరసలో కనిపిస్తాయి. ఆర్మ్‌లో అలా కనిపించాలన్న హామీ లేదు, గుర్తు ముందు కనిపించి సమాచారం వెనకబడవచ్చు. వరసను కాపాడే ఆజ్ఞ రాయడం మరిచిన యాప్ ఇంటెల్ మీది ఎమ్యులేటర్‌లో నెలల తరబడి నిక్షేపంగా నడిచి, ఫోన్‌లో ఎప్పుడో ఒకసారి కూలుతుంది. ఆపిల్ 2020లో తన మ్యాక్‌లను ఆర్మ్‌కు మార్చినప్పుడు, పాత ఇంటెల్ ప్రోగ్రామ్‌లను తర్జుమా చేసి నడపడానికి ఇదే పెద్ద అడ్డంకి. ఇంటెల్ వరసనే పాటించే ప్రత్యేక పద్ధతిని చిప్‌లోనే పెట్టి వాళ్లు దాన్ని దాటారు. సాఫ్ట్‌వేర్‌తో అనుకరిస్తే వేగం దెబ్బతినే గుణం అది. వేడి, రేడియో సంకేతం, వేలి స్పర్శ, బ్యాటరీ అరుగుదల సంగతి సరేసరి. వాటికి అసలు ఫోన్ చేతిలోకి తీసుకోవడం తప్ప మార్గం లేదు.

అనుకరించిన పరికరంలోనే తప్పు ఉంటే అది భద్రతకు చిల్లు. ఇప్పుడు ఒక డెవలపర్ కోడ్ మార్చిన ప్రతిసారీ ఎక్కడో డేటా సెంటర్‌లో కొత్త వర్చువల్ మెషీన్ పుట్టి, పరీక్షలు నడిపి, చెరిగిపోతుంది. ముక్కూమొహం తెలియనివారి కోడ్ ఒకే యంత్రం మీద పక్కపక్కనే నడుస్తుంటుంది. వాటి మధ్య ఉన్న గోడ హైపర్వైజరే. 2015లో వెనమ్ పేరుతో బయటపడ్డ లోపం ఆ గోడకు చిల్లు ఎక్కడ పడిందో చూపింది: క్యూఎమూ అనుకరించే ఫ్లాపీ డ్రైవ్ కంట్రోలర్‌లో. అసలు ఫ్లాపీ డ్రైవ్‌లు కంప్యూటర్ల నుంచి ఎప్పుడో మాయమయ్యాయి. వాటి అనుకరణ మాత్రం పదేళ్లకు పైగా పాత తప్పుతో లోపలే ఉండిపోయింది. వర్చువల్ మెషీన్ లోపలి ప్రోగ్రామ్ దానికి తప్పుడు ఆదేశాలు పంపి గోడ దాటే అవకాశం దొరికింది.

క్లౌడ్ సేవలు నడిపేవారు ఈ కారణంతోనే అనుకరించే పరికరాలను తగ్గించుకుంటూ వచ్చారు. అమెజాన్ 2018లో విడుదల చేసిన ఫైర్‌క్రాకర్ కేవీఎమ్ మీద నడిచే చిన్న హైపర్వైజర్. దానిలో పుట్టిన వర్చువల్ మెషీన్ సెకనులో ఎనిమిదో వంతు తిరక్కుండానే వాడకందారు ప్రోగ్రామ్‌ను నడపడం మొదలుపెడుతుంది. తొలినాళ్లలో అది అనుకరించిన పరికరాలు వేళ్ల మీద లెక్కపెట్టగలిగేవే: నెట్‌వర్క్, డిస్క్, ఆతిథేయ యంత్రంతో మాట్లాడే సాకెట్, సీరియల్ కన్సోల్, యంత్రాన్ని ఆపడానికి తప్ప దేనికీ పనికిరాని కీబోర్డ్ కంట్రోలర్.